విన్న మాటే తెరమీద: మా ఉద్యమ ప్రణాళిక

తెలుగు మీడియంలో చదివి ఇంజినీరింగ్‌లో చేరిన పిల్లలకు ఇంగ్లీషు రాదనడం అన్యాయం. పుస్తకంలో కనిపిస్తే వాక్యం వాళ్లకు తెలుసు, చెవిన పడితేనే చిక్కు. రేపు హైదరాబాద్ ఆఫీసులో అమెరికా కాల్‌లో అవతలివాళ్లు ‘వాట్ డు యు వాంట్ టు డూ’ అంటే ‘వాడ్య వానడూ’ అని వినిపిస్తుంది. అందులో తెలియని మాట ఒక్కటీ లేదు. ఒకదాన్నొకటి మింగేసిన మాటలను విడదీసుకోవడం మాత్రం ఎవరూ నేర్పలేదు.

దీనికి చేతికందే సాధనం క్యాప్షన్లు. మా పట్టు ఒక్కటే: ఏ భాష వినిపిస్తోందో ఆ భాషలోనే అక్షరాలు కనిపించాలి. ఇంగ్లీషు సినిమాకు తెలుగు సబ్‌టైటిల్స్ పెట్టుకుంటే కథ తెలుస్తుంది, చెవికి మాత్రం పని తప్పుతుంది. 2009లో వెలువడిన అధ్యయనం కోసం నెదర్లాండ్స్‌లో మిటరర్, మెక్వీన్ అనే పరిశోధకులు డచ్ విద్యార్థులకు ఆస్ట్రేలియా, స్కాట్లండ్ యాసల వీడియోలు చూపించారు. ఇంగ్లీషు అక్షరాలతో చూసినవాళ్లు ఆ యాసలో కొత్త మాటలను కూడా బాగా పట్టుకున్నారు. డచ్ అక్షరాలు అందుకు అడ్డే పడ్డాయి.

మన దేశంలో 1999లోనే బ్రిజ్ కొఠారీ అనే పరిశోధకుడి చొరవతో దూరదర్శన్‌లో గుజరాతీ పాటలకు గుజరాతీ అక్షరాలు వేశారు. అది చదువు రావడం కోసం. మేం అడుగుతున్నది వినికిడి కోసం.

క్యాప్షన్లను ఊతంగా వాడమంటున్నాం, అలవాటుగా మార్చుకోమనడం లేదు. రెండు నిమిషాల ముక్క తీసుకోండి. ముందు అక్షరాలు లేకుండా వినండి. తర్వాత అక్షరాలతో చూసి, ఎక్కడ తప్పిందో ఆగి పట్టుకోండి. చివరికి అక్షరాలు తీసేసి మళ్లీ వినండి. ఈ మూడోసారి వదిలేస్తే మిగిలేది చదవడమే.

తప్పుల క్యాప్షన్లు మాకొద్దు. యంత్రం ‘కాంట్’ను ‘క్యాన్’ అని రాస్తే పాఠం తలకిందులవుతుంది. మనిషి సరిచూడాల్సిందే.

తెలుగు నేర్చుకునేవాళ్లకూ ఇదే హక్కు ఉంది. అమెరికాలో మనబడి తెలుగు తరగతుల్లో అక్షరాలు దిద్దిన పిల్లలకు, హైదరాబాద్‌లో స్థిరపడ్డ హిందీవాళ్లకు తెలుగు సినిమా కింద ఇంగ్లీషు కాదు, తెలుగు కావాలి. నిర్మాతలారా, డైలాగులు రాసుకున్న ప్రతి మీ దగ్గరే ఉంది. షూటింగ్‌లో, డబ్బింగ్‌లో మారిన మాటలు సరిచేసి క్యాప్షన్లుగా ఇవ్వండి. క్యాప్షన్లకు దారి వేసింది బధిరులే. 2016 వికలాంగుల హక్కుల చట్టం టీవీ వంటి ప్రసార మాధ్యమాల్లో క్యాప్షన్లు ఉండేలా చర్యలు తీసుకోమంటోంది. ఆ చట్టం అమలు కోసం వాళ్లతో కలిసి నిలబడతాం.

అధ్యాపకులారా, సరిచూసిన క్యాప్షన్లు లేకుండా పాఠం వీడియో పెట్టకండి. విద్యార్థులారా, అవి లేని వీడియో కనిపిస్తే పెట్టినవాళ్లను అడగండి. వచ్చేదాకా అడగండి.