లసాన్యా చేసిన చేతులు



పాస్టరుగారికి వంటింటితో పనేమిటని నవ్వుకోకండి. ఈ నెల ఒక వంటకం గురించీ, దానితోపాటు నా తప్పు ఒకటీ మీతో చెప్పుకోవాలి.

హోటల్ మేనేజ్‌మెంట్ చదువుతున్న మా అమ్మాయి సెలవులకు వచ్చి, "నాన్నా, ఈ ఆదివారం లసాన్యా చేస్తాను" అంది. అది ఇటలీ దేశపు వంటకం. పిండిని పల్చని రేకులుగా ఒత్తి, వాటి మధ్య మాంసపు కూర, పాలతో కాచిన తెల్లని సాసు, చీజు పొరలు పొరలుగా పరచి ఓవెన్‌లో కాలుస్తారు.

ఇటలీలో దీనికి ఊరికొక పద్ధతి ఉంది. బొలోన్యా నగరంలో పిండిలో పాలకూర కలిపి ఆకుపచ్చని రేకులు చేస్తారు. అక్కడి మాంసపు కూర పేరు రాగూ. దాని అసలు పద్ధతి చెడిపోకూడదని ఇటలీ వంటల అకాడమీ వారు 1982లో ఆ నగరపు చాంబర్ ఆఫ్ కామర్స్‌లో దానిని నమోదు చేయించి, 2023లో సవరించారు. నేపుల్స్‌లోనైతే చిన్న మాంసపు ఉండలు, రికోట్టా అనే మెత్తని చీజు పెడతారు. నలభై దినాల ఉపవాస కాలానికి ముందు వచ్చే కార్నివాల్‌కు అక్కడ ఇది ముఖ్యమైన వంట. ఉపవాసంలో మాంసం మానాలి గనుక, ముందుగా ఇంటిల్లిపాదీ కూర్చొని తృప్తిగా తినేవారు.

అయితే ఇది ఇంట్లో చేయడమంటే ఒక పూట పని. 100 గ్రాముల మైదాకు ఒక గుడ్డు లెక్క. పిండి బాగా పిసికి, మూతపెట్టి అరగంట ఉంచాలి. తరువాత చాలా పల్చగా ఒత్తి, ఉప్పునీళ్లలో కొద్దిసేపు ఉడికించి, గుడ్డమీద ఆరబెట్టాలి. ఉల్లిపాయ, క్యారెట్, టమాటాలతో కైమా సన్నని సెగమీద రెండు గంటలైనా ఉడకాలి. అక్కడ గొడ్డు మాంసం వేస్తారు, మా అమ్మాయి వేటమాంసం వేసింది. సాసుకు 100 గ్రాముల వెన్నలో 100 గ్రాముల మైదా వేయించి, లీటరు పాలు కొద్దికొద్దిగా పోస్తూ తిప్పాలి. గరిటె ఆగితే ఉండలు కడుతుంది. అన్నీ పరచి, 180 డిగ్రీల వేడిలో అరగంట పైగా కాల్చాలి. దించాక పావుగంట ఆగి కోయాలి. లేకపోతే పొరలు నిలబడవు.

ఆ ఆదివారం ఆరాధన ముగించుకొని వచ్చి, నేను కుర్చీలో కూర్చొని "ఇంకా కాలేదా?" అని మూడుసార్లు అడిగాను. నా తొందర చూచి మా ఇంటావిడ దించిన వెంటనే కోసింది. పొరలన్నీ జారి ముద్దయిపోయాయి. "ఇదేమిటి, కలిపిన అన్నంలా ఉందే!" అని నేను నవ్వాను. అమ్మాయి నవ్వలేదు. తెల్లవారుజామున లేచి పిండి పిసికిన పిల్ల. వేళ్లకు ఇంకా పిండి అంటుకొనే ఉంది. మాకు వడ్డించి, చివరన తాను ఒక్కతే తిన్నది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పొద్దున్నే, "వచ్చే ఆదివారం మరలా చేద్దామమ్మా, ఈసారి నేనూ వస్తాను" అన్నాను. సంఘస్థులు ఇచ్చిన ఓవెన్‌ను ఇంకొక వారం ఉంచుకుంటామని అడిగాను. సాసు తిప్పే పని నాది. పది నిమిషాలకే చెయ్యి లాగింది. కైమా మా ఇంటావిడ చూసుకొంది. రేకులు మా అబ్బాయి పరిచాడు. కొన్ని చిరిగాయి, ఎవరమూ ఏమీ అనలేదు.

పళ్లెం దించి పావుగంట ఆగాం. నలుగురం ఊరకే కూర్చొన్న ఆ పావుగంటలో అమ్మాయి తన హాస్టలు కష్టాలు చెప్పింది. ఏడాదిగా ఆమె మనసులో ఉన్న ఆ మాటలు నాకు తెలియనే తెలియవు. అడిగే తీరిక నాకు ఎప్పుడుండేది?

లసాన్యా పొరలు ఈసారి నిలబడ్డాయి.

మీ ఇంట్లో అరిసెలు కావచ్చు, బిరియానీ కావచ్చు. వచ్చే పండుగకు వంటింట్లో ఎవరు నిలబడుతున్నారో, కుర్చీలో ఎవరు కూర్చొంటున్నారో ఒక్కసారి గమనించండి. కూర్చొన్నది మీరైతే, లేచి గరిటె అందుకోండి.