తవ్వినోళ్ల పేరు లేని కాలువ

మక్తల్ మనిషికి పడవంటే పుట్టి. పంచదేవ్‌పహాడ్ ఒడ్డున పుట్టెక్కి, కృష్ణ దాటి, కురువపురం పోయొచ్చుడు మనకు ఎరుకే. అంతకు మించి నీళ్ల మీద ప్రయాణం మనకు లేదు. మన ప్రయాణమంతా బస్సు టాపు మీద, లారీల, జనరల్ డబ్బాల. బొంబాయి, పుణె, మద్రాసు. చేతిల గడ్డపార, నెత్తి మీద తట్ట, సంకల పిల్లగాడు. బతకబోవుడు మన ప్రయాణం.

అట్ల బతకబోయిన మనోళ్లను చూడటానికే మేము మొన్న చలికాలంలో చెన్నై పోయాం. బిల్డింగు పనిలో ఉన్న మన మండలం కూలీల గుడిసెలలో రెండు రోజులున్నాం. మూడో రోజు వాళ్లకు సెలవు దొరికింది. అందరం కలిసి పులికాట్ దిక్కు పోయాం. అక్కడ ఒక చేపలాయన తన మోటారు పడవలో మమ్మల్ని ఎక్కించుకొని కాలువ వెంట కొంత దూరం తిప్పాడు. మంచి మనిషి. తెలుగే మాట్లాడాడు. "ఇది బకింగ్‌హాం దొర కాలువ" అన్నాడు. మనోళ్లలో ఒక పెద్దమనిషి, నలభై ఏండ్లు మట్టిపని చేసినాయన, కట్ట దిక్కు చూసి అడిగాడు: "దొర ఎన్ని తట్టలు మోసిండట?"

పడవలో అందరూ నవ్వారు. మేము కూడా నవ్వాం. కాని ఆ ప్రశ్న మమ్మల్ని మక్తల్ దాకా వదలలేదు. అందుకే ఈ నాలుగు మాటలు.

బకింగ్‌హాం కాలువ ఇప్పటిది కాదు. 1806లో మద్రాసు నుంచి ఎన్నూరు దాకా మొదటి ముక్క తవ్వారు. కాక్రేన్ అనే వ్యాపారి పేరు దానికి పెట్టారు. తర్వాత సర్కారు తీసుకొని ఉత్తరానికి, దక్షిణానికి పొడిగించుకుంటూ పోయింది. పాత ప్రకాశం జిల్లా పెదగంజాం నుంచి తమిళనాడు మరక్కాణం దాకా 420 కిలోమీటర్లు. పెదగంజాం దగ్గర కృష్ణా డెల్టా కొమ్మమూరు కాలువ కలుస్తుంది. అంటే అప్పట్లో కాకినాడలో పడవెక్కినవాడు గోదావరి, ఏలూరు, కృష్ణ కాలువల మీదుగా మరక్కాణం దాకా నీళ్ల మీదే పోయేవాడు. ఉప్పు, కట్టెలు, బియ్యం అట్లనే పోయేవి. గాలి ఉంటే తెరచాప. గాలి లేకుంటే గట్టు మీద మనుషులు తాడు భుజానేసుకొని పడవను గుంజుకుంటూ నడిచేవాళ్లు. ఎడ్లు చేసే పని మనుషులు చేశారు.

1876లో ధాత కరువు వచ్చింది. మద్రాసు రాజధానిలో బళ్లారి, కర్నూలు, కడప, నెల్లూరు ఎండిపోయాయి. ఇటు నిజాం రాజ్యపు దక్షిణ జిల్లాలు కూడా అదే కరువులో మాడాయి. లక్షల మంది చచ్చిపోయారు. ఏ కరువులోనైనా ముందు చచ్చేది ఎవరు? గాదె ఉన్నవాడా, గడ్డపార ఉన్నవాడా? భూమి లేని కూలోడు, మాలవాడ, మాదిగవాడ, మట్టిపని కులవృత్తిగా బతికే వడ్డెరలు ముందు ఖాళీ అవుతారు. అట్లా ఊర్లు విడిచి మద్రాసుకు ఎగబడిన ఆకలి జనంతో 1877-78లో అడయారు, కూవం నదుల మధ్య 8 కిలోమీటర్లు తవ్వించారు. విడివిడిగా ఉన్న ఉత్తర, దక్షిణ కాలువలు ఆ 8 కిలోమీటర్లతోనే ఒక్కటయ్యాయి. 1878లో మొత్తం కాలువకు అప్పటి గవర్నరు బకింగ్‌హాం ప్రభువు పేరు పెట్టారు. కాలువను కలిపినవాళ్లు కరువు కూలీలు, పేరు కలిసింది దొరకు!

ఆ కాలంలో కరువు పనుల కూలి ఎంతో తెలుసుకోవాలి. 1877 జనవరిలో రిచర్డ్ టెంపుల్ అనే పెద్ద దొర ఖర్చు తగ్గించటానికి వచ్చి, మగ కూలీకి రోజుకు ఒక పౌను గింజలు, పైన కొద్దిగా డబ్బులు చాలన్నాడు. పౌను అంటే 450 గ్రాములు, అర్ధసేరు లోపే. ఆడవాళ్లకు, పిల్లలకు ఇంకా తక్కువ. ఈ తిండితో మనిషి బతకడు అని మద్రాసు ఆరోగ్య అధికారి కార్నిష్ ఎదురు చెప్పాడు. తర్వాత కొంత పెంచక తప్పలేదు. ఇంకో నియమం చూడండి. ఊరికి దగ్గర పని ఇస్తే జనం సోమరులైపోతారట! అందుకని ఇల్లు విడిచి దూరం నడిచి వచ్చినవాడికే పని. దానికి వాళ్లు పెట్టిన పేరు పరీక్ష. ఆకలికి పరీక్ష!

ఇది చదువుతుంటే మనకు కొత్తగా అనిపిస్తుందా? గుంపు మేస్త్రి దసరా ముందు వచ్చి ముందు పైసలు చేతిలో పెడతాడు. ఆ పైసలు పెండ్లికో దవాఖానకో పోతాయి. పొద్దున లేస్తే దూరదేశం. లెక్క మేస్త్రి పుస్తకంలో, నోరు మన పండ్ల వెనుక. నాగార్జునసాగర్ కట్టిన చేతుల్లో పాలమూరు చేతులున్నాయి. దేశంలో డ్యాం ఎక్కడుంటే పాలమూరు లేబరు అక్కడున్నది. 1976లో వెట్టి రద్దు చట్టం వచ్చింది. 1979లో వలస కూలీల చట్టం వచ్చింది. 2020లో దాన్ని ఇంకో పన్నెండు చట్టాలతో కలిపి ఒక కోడ్‌లో కట్టేశారు. చట్టాల పేర్లు మారుతున్నాయి. మేస్త్రి పుస్తకం మారలేదు.

కొందరు మిత్రులు అంటారు: "కాలువ పని లేకుంటే ఆ కరువులో ఇంకా ఎక్కువ మంది చచ్చేవాళ్లు కదా?" నిజమే. గంజి పోసినవాడి గిన్నెను మేము తన్నటం లేదు. "2004 సునామీలో ఈ కాలువే ఉప్పెన నీళ్లను మింగి కొన్ని ఊర్లను కాపాడింది కదా?" అదీ నిజమే. తవ్వినోళ్లు పోయిన నూట ఇరవై ఐదేండ్లకు కూడా వాళ్ల చెమట మనుషులను కాపాడింది. అందుకే అడుగుతున్నాం, కాపాడిన చేతులకు ఒక్క రాయి మీదన్నా పేరెందుకు లేదు? గవర్నరు పేరు ఉండగా తట్ట మోసిన తల్లి పేరు ఎందుకు లేదు?

పేరు ఒక్కటే సంగతి కాదు. ఆ కాలువ నీళ్లు ఉప్పు నీళ్లు. దాని కింద ఎకరం పారదు. తవ్వినవాడికి కూలి రోజుతోనే సంబంధం తెగిపోయింది. మేము పడవలో పోతుంటే నడుము లోతు నీళ్లలో యానాది ఆడవాళ్లు చేతులతో రొయ్యలు ఏరుతున్నారు. నోట్లో బుట్ట కరుచుకొని, చేతులు బురదలో పెట్టి. చారిత్రక కాలువ అని రాసే పత్రికలవాళ్లకు పడవ కనిపిస్తుంది, కొంగ కనిపిస్తుంది. ఈ తల్లి కనిపించదు.

మంచినీళ్ల కాలువ అయితే న్యాయం జరిగిందా? దూరం పోనక్కర లేదు. మన పాత పాలమూరు జిల్లా అంచున, రాజోలి ఎదురుంగ, తుంగభద్ర మీద సుంకేసుల ఉంది. అక్కడ మొదలయ్యే కర్నూలు-కడప కాలువ కూడా పడవల కోసం, పంటల కోసం తవ్విందే. 1860లలో ఒక ఇంగ్లీషు కంపెనీ తవ్వించింది. నష్టం వచ్చినా కంపెనీకి నూటికి ఐదు వడ్డీ సర్కారు హామీ. ఆ వడ్డీ ఎవరిచ్చారు? ఇక్కడ పన్ను కట్టినవాళ్లు ఇచ్చారు. చివరికి 1882లో సర్కారే కాలువను కొనుక్కున్నది. పడవలు ఆగిపోయినయి. నీళ్లు అవతలి గట్టుకు పారినయి. ఇవతల మనకు రాజోలిబండ కాలువ కింద 87,500 ఎకరాలు అన్నారు. కాగితం మీద ఎకరాలు తడిసినయి. అలంపురం దిక్కు తోక భూములు ఎండినయి.

ఇప్పుడు మక్తల్ సంగతికి వద్దాం. బకింగ్‌హాం కాలువ మనకెందుకు అనుకునేవాళ్లు ఇది వినాలి. 2008లో కేంద్రం కాకినాడ-పుదుచ్చేరి కాలువలను నాలుగో జాతీయ జలమార్గం అన్నది. 2016 చట్టంతో వజీరాబాద్ నుంచి కర్ణాటకలోని గలగలి దాకా కృష్ణ నదిని కూడా అదే నాలుగో నంబరులో కలిపారు. అంటే కాగితం మీద మన పంచదేవ్‌పహాడ్ రేవు, ఆ పులికాట్ కాలువ ఒకే దారి. రేపు పెద్ద పడవలు వస్తాయో రావో మాకు పట్టింపు లేదు. వస్తే రానీ. పుట్టి నడిపే బెస్తోళ్ల పొట్ట కొట్టకుండా రావాలి. ఒడ్డున గుడిసెలు పీకకుండా రావాలి. టికెట్టు కొన్నోడు కుర్చీలో, తాడు గుంజినోడు గట్టు మీద, ఆ పాత పడవ మళ్లీ రావద్దు.

అంతకంటే ముందు మన ఊర్లలో తవ్వుతున్న కాలువల సంగతి ఉంది. భీమా ఎత్తిపోతల కింద మన దగ్గర సంగంబండ, భూత్పూర్ జలాశయాలు వచ్చినయి. మొత్తం 2 లక్షల 3 వేల ఎకరాలు అన్నారు. 2024 ఫిబ్రవరిలో కోస్గిలో నారాయణపేట-కొడంగల్ ఎత్తిపోతలకు పునాదిరాయి వేశారు. భూత్పూర్ నుంచి నీళ్లు, లక్ష ఎకరాలు అన్నారు. నీళ్లు రావద్దని మేము ఎన్నడూ అనం. నీళ్ల కోసం ఏడ్చిన జిల్లా మనది. కాని భూమి పోయే రైతులు పరిహారం కోసం రోడ్డెక్కినప్పుడు, ఆ గుంపులో రెండెకరాల లావణి పట్టా మాదిగాయన గొంతు వినపడిందా? పట్టా పెద్ద రైతుది, చేసే చేతులు కౌలుదారువి అయినచోట కౌలుదారును ఎవరన్నా లెక్క రాసుకున్నారా?

ఇంకో సంగతి. ఇదివరకు కాలువ తవ్వితే కూలన్నా దొరికేది. ఇప్పుడు తవ్వేది ప్రొక్లైన్లు. వంద మంది పని ఒక మిషను ఒక పూటలో చేస్తుంది. మన చేతులతో పని లేదు, మన భూమితో పని ఉన్నది. కనుక ఇక కూలి రేటు ఒక్కటే అడిగితే చాలదు. నీళ్లల్ల వాటా అడగాలి.

2013 భూసేకరణ చట్టం ఏం చెప్పిందో ప్రతి వాడలో చదివి వినిపించండి. సర్కారు ఇచ్చిన భూమి పోయిన కుటుంబం కూడా బాధిత కుటుంబమే. మూడేండ్లుగా ఆ భూమి మీద బతికే కౌలుదారు, కూలీ కూడా బాధితులే. సాగునీటి ప్రాజెక్టులో భూమి పోయిన ప్రతి కుటుంబానికి ఆయకట్టులో కనీసం ఒక ఎకరం. ఎస్సీ, ఎస్టీలకైతే పోయినంత భూమి లేదా రెండున్నర ఎకరాలు, ఏది తక్కువైతే అది. ఇది రెండో షెడ్యూలులో ఉన్న మాట. 2017లో మన రాష్ట్రం సవరణ చేసి ఇష్టపూర్వక ఒప్పందం అనే దారి తెరిచింది. ఇష్టం మనది కావాలి, సంతకం ఆఫీసుది కావద్దు. చదివించుకోకుండా ఏ కాగితం మీదా వేలు పెట్టకండి.

సంఘం మిత్రులారా, పని ఇది. ప్రతి ఊరిలో కాలువ గీత ఎక్కడ పోతున్నదో నక్ష అడగండి. దాని కింద, దాని మీద దళితుల భూములెన్ని, లావణి పట్టాలెన్ని, కౌలుదారులెందరు, మనమే లెక్క రాద్దాం. పిల్లకాలువలు మన చెలకల దాకా వచ్చేట్టు గీతలోనే పెట్టించాలి. తూము తెరిచే కమిటీలో మన ఆడవాళ్లు కూర్చోవాలి. 1927లో మహద్ చెరువుకు అంబేద్కర్ మనుషులను నడిపించింది దప్పి తీర్చుకోవటానికి మాత్రమే కాదు. ఊరి నీళ్లు అందరివి అని దోసిలితో చెప్పటానికి.

చివరి మాట. బతకబోయిన ముసలోళ్లు ఇంకా కొందరు ఉన్నారు. ఏ డ్యాం కాడ పనిచేసిండ్రు, ఏ కాలువ తవ్విండ్రు, అక్కడ ఎవరు చచ్చిండ్రు, అడిగి పేర్లు రాయండి. వాళ్లు పోతే ఆ పేర్లు పోతాయి. దొరల పేర్లు రాళ్ల మీద ఉన్నయి. మనోళ్ల పేర్లు మన పుస్తకంలనన్నా ఉండాలి. ఆ పెద్దమనిషి అడిగిన ప్రశ్నకు జవాబు అక్కడి నుంచే మొదలైతది.

జై భీమ్.