చేటలో మిగిలిన గింజ

దిగులు పడని మనిషి లేడు. అయితే పాతికేళ్ళనాటి దిగులు వేరు, డెబ్బై దాటిన తర్వాతి దిగులు వేరు. చెన్నపట్నంలో తరతరాలుగా ఉంటున్న మన తెలుగు కుటుంబాల పెద్దలకు ఇది అనుభవమే.

1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్రం ఏర్పడింది. చెన్నపట్నం అందులో చేరలేదు. 1960 ఏప్రిల్ 1న సరిహద్దుల సవరణలో తిరుత్తణి కూడా మద్రాసు రాష్ట్రానికి పోయింది. ఆ రోజుల్లో మన ఇళ్ళల్లో పెద్దలకు కంటిమీద కునుకు లేదు. ఇక్కడే ఉండాలా, మూటాముల్లె సర్దుకోవాలా? ఉద్యోగాలు నిలుస్తాయా? పిల్లలకు సంబంధాలు ఎక్కడ వెతకాలి? అప్పటికి పిల్లలమైన మేము పెద్దల ముఖాలు చూసి బెంగపడేవాళ్ళం.

వెళ్ళినవారు వెళ్ళారు, ఉన్నవారు ఉన్నారు. పొరుగింటి తమిళులు మన పెళ్ళిళ్ళకు వచ్చి పందిట్లో పనులు అందుకున్నారు. వారింటి పొంగలి మనం తిన్నాము. పటంమీది గీత వంటింటి గడప దాటి లోపలికి రాలేదు.

తర్వాత మా వంతు వచ్చింది. ప్రమోషను, ఇంటి అద్దె, ఆడపిల్ల పెళ్ళి, నలుగురూ ఏమనుకుంటారో అన్న భయం. ఇవి చిన్న విషయాలని మేము అనము. మోసేవారికి అవి కొండలే. కాని వయసు చేటవంటిది. చెరిగినకొద్దీ పొట్టూ తాలూ ఎగిరిపోతాయి. అన్నిటికన్న ముందు ఎగిరేది నలుగురి భయం. ఆ నలుగురిలో చాలామంది ఇప్పుడు లేరు. ఉన్నవారికి మన సంగతి జ్ఞాపకం లేదు!

మరి చేటలో మిగిలిన గింజ ఏది? మనవడు మనతో తెలుగులో మాట్లాడుతాడు, చదవమంటే దిక్కులు చూస్తాడు. 2006 నాటి చట్టంతో తమిళనాడు బడుల్లో తమిళం దశలవారీగా తప్పనిసరి పాఠమైంది. పిల్లలు తమిళం నేర్వడం మంచిదే. ఈ గడ్డ భాష అది. కాని తెలుగు అక్షరాలు దిద్దించే పని చాలా ఇళ్ళల్లో బడినుంచి తాత పడకకుర్చీ దగ్గరకు వచ్చింది. పెట్టెలో ఉన్న మన పెద్దల ఉత్తరాలు రేపు ఎవరు చదువుతారు?

ఈ దిగులులో ఒక మేలున్నది. రాష్ట్రాల హద్దులు మన చేతిలో లేవు. పలకా బలపమూ ఉన్నాయి. కావలసిన తీరిక వయసే ఇచ్చింది. వచ్చే విజయదశమినాడు మొదలుపెట్టి రోజుకొక అక్షరం దిద్దించినా చాలును. మన చూపు ఆనని రోజున ఈ పేజీ చదివి వినిపించేవారు ఇంట్లోనే ఉంటారు.