మిగిలిన లోహము మురుగుపాలు కానేల?



బేగం బజారులో రాగి, ఇత్తడి పాత్రలు అమ్మి జీవించు కుటుంబమున పుట్టినవాడను. చిల్లిపడిన బిందెయైనను, చెవి విరిగిన గంగాళమైనను మా అంగడి ముందు చెత్తగా పడియుండుట నే నెరుగను. త్రాసుకెక్కి, వెలకట్టబడి, మూసలో కరగి మరల పాత్రయగుటయే దాని గతి. అట్టి నేను, నగరమందలి ఒక కళాశాల రసాయనశాలలో ఉదజని ప్రయోగము ముగిసినంతనే, కుప్పె అడుగున మిగిలిన తుత్తునాగపు ముక్కలను ఆమ్లముతోకూడ తూములో కుమ్మరించుట చూచి మిక్కిలి నొచ్చుకొంటిని.

ఆ ప్రయోగమున తరచుగా ముందు తరుగునది ఆమ్లమే గాని లోహము కాదు. మిగిలిన ముక్క నల్లబడినంత మాత్రమున పనికిమాలినది కాజాలదు. రెండు మూడు మారులు నీట కడిగి, ఆరబెట్టి, చీటి అంటించిన సీసాలో దాచినచో మరుసటి తరగతికి అక్కరకు వచ్చును. వాడిన లోహము స్వచ్ఛము కాదు గదా యని కొంద రాక్షేపింపవచ్చును. తూకము తప్పరాని విశ్లేషణలకు కొత్తదే వాడుదురు గాక. ఉదజని పుట్టించుటకు మాత్రము స్వచ్ఛమైన తుత్తునాగమే మందకొడి. అందులకే గదా అధ్యాపకులు రెండు చుక్కల మైలుతుత్తపు నీరు కలిపి దానిని వేగిరపరచుట!

వెండి విషయము మరింత శోచనీయము. 170 గ్రాముల సిల్వర్ నైట్రేటులో ఇంచుమించు 108 గ్రాములు వెండియే. లవణపరీక్షలో పెరుగు తరకలవలె తెల్లగా దిగు సిల్వర్ క్లోరైడును పారబోయక ఒక జాడీలో కూడబెట్టి, ఆ మిగులు తుత్తునాగమునే సజల గంధకామ్లముతో చేర్చినచో, బూడిదవన్నె వెండిపొడి అడుగున నిలుచును. అధికమైన తుత్తునాగమును ఆమ్లమే హరించును. ఆ పొడిని కడిగి, వెలిగారమువేసి కరగించినచో వెండి ముద్దకట్టును.

అయితే ఈ పొదుపు విచక్షణతో కూడినదై యుండవలయును. సోడియము తునకలను నీట కడుగుట ప్రమాదము. అమోనియా కలిసిన వెండి ద్రావణము నిలువయుండిన ప్రేలుడు పదార్థమగును గనుక దానిని దాచనే రాదు. ఉదజని వెలువడుచోట నిప్పు కూడదు. ఇవన్నియు అధ్యాపకుని కనుసన్నల జరుగవలసిన పనులు.

కావున ప్రతి రసాయనశాలలోను తూము ప్రక్కనే తుత్తునాగమునకు, రాగికి, వెండికి వేరువేరుగా మూడు జాడీలుంచి, వాటిని నింపుటకూడ ప్రయోగములో భాగముగా విద్యార్థులకు నేర్పవలసినదిగా కళాశాలల ప్రధానాచార్యులను ప్రార్థించుచున్నాను.

ఇట్లు,
ఒక పాత్రల వర్తకుడు,
బేగం బజార్, హైదరాబాదు