బీపీ మాత్రకు లేని అవిశ్వాసం ఈ మాత్రకే ఎందుకు?

మన సంఘాల్లో ఒక సాక్ష్యానికి చప్పట్లు బాగా పడతాయి. "ఏళ్ల తరబడి మనసు జబ్బుకు మందులు వాడాను. దైవజనుడు ప్రార్థించాక మాత్రలన్నీ పారేశాను." అందరూ హల్లెలూయా అంటారు. మూడు నెలలకు ఆ సహోదరికి నిద్ర పట్టక, ఏవో గొంతులు వినబడి, ఇల్లు విడిచి వెళ్లిపోతే ఆ సంగతి చెప్పడానికి ఎవరూ మైకు ఇవ్వరు. విశ్వాసంలో నిలబడలేదని ఆమె మీదే నేరం మోపుతారు.

నేనూ సేవకుణ్ణే. రోగి తల మీద చెయ్యి పెట్టి ప్రార్థించేవాణ్ణే. కానీ మందు మానమని చెప్పే అధికారం కాపరికి ఎవరిచ్చారు? స్కిజోఫ్రీనియా, బైపోలార్ లాంటి జబ్బుల్లో మందు ఒక్కసారిగా ఆపేస్తే జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఎక్కువ. ఆ మాట చెప్పే ప్రసంగికుల్లో ఎందరి బ్యాగుల్లో షుగరు, బీపీ మాత్రలు లేవు? తిమోతికి కడుపు జబ్బు వస్తే పౌలు అతని విశ్వాసాన్ని తప్పుపట్టలేదు, కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమన్నాడు. చచ్చిపోవాలని ఉందని ఏలీయా చెట్టు కింద పడుకుంటే దూత ప్రసంగం చెయ్యలేదు. రొట్టె, నీళ్లు ఇచ్చి మళ్లీ పడుకోనిచ్చాడు.

"మరి సమాధుల్లో తిరిగినవాడికి పట్టింది దయ్యమే కదా?" అంటారు. మార్కు 5 మళ్లీ చదవండి. అతనికి సంకెళ్లు వేసింది ఊరివాళ్లు, యేసు కాదు. బాగయ్యాక నీతో వస్తానని బతిమాలినా యేసు అతణ్ణి ఇంటికి, తనవాళ్ల దగ్గరికే పంపాడు. మనం ఇంట్లో ఉన్నవాణ్ణి తీసుకెళ్లి ప్రార్థన కేంద్రంలో వదిలి వస్తున్నాం. కొన్నిచోట్ల కాలికి గొలుసు కూడా.

తమిళనాడు రామనాథపురం జిల్లా ఏర్వాడిలో, 2001 ఆగస్టు 6న, మనసు జబ్బువాళ్లను ఉంచిన ఒక ప్రైవేటు ఆశ్రమం పాక అంటుకుంది. గొలుసులతో కట్టేసి ఉండడంతో పారిపోలేక 28 మంది చనిపోయారు. అది దర్గా దగ్గర జరిగింది, మనకేమిటి అనకండి. గొలుసుకు మతం లేదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఏ రూపంలోనూ గొలుసు వేయకూడదంటోంది. రిజిస్ట్రేషన్ లేకుండా ఇలాంటి రోగులను ఉంచే కేంద్రం నడపకూడదనీ అంటోంది. స్వస్థత పేరు పెట్టుకుంటే చట్టం వర్తించదా?

గుండెకో కిడ్నీకో వెల్లూరు వెళ్లొస్తే "సీఎంసీలో చూపించాం" అని గర్వంగా చెప్పుకుంటాం. మిషనరీలు పెట్టిన ఆ ఆసుపత్రికే బాగాయంలో మానసిక విభాగం ఉంది. రోగితో పాటు ఇంటివాళ్లు కూడా ఉండి చూసుకునే పద్ధతికి అది పేరు పొందింది. అక్కడికి వెళ్లొచ్చినవాళ్లు మాత్రం కడుపునొప్పికి వెళ్లామంటారు. చెల్లెలి పెళ్లి సంబంధం చెడిపోతుందని భయం. ఆ భయం పెంచింది పక్కింటివాళ్లు మాత్రమే కాదు, జబ్బును శాపమనీ పితరుల పాపమనీ చెప్పిన మన ప్రసంగాలు కూడా.

2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం పెద్దవాళ్లలో సుమారు పదిమందిలో ఒకరికి ఏదో ఒక మానసిక సమస్య ఉంది. వందమంది కూర్చున్న ఆరాధనలో ఆ పదిమంది ఎవరో మనకు తెలుసా? బెంగళూరులో, చెన్నైలో పెరిగిన మన పిల్లలకు ఆఫీసులో ఇంగ్లీషు, వీధిలో కన్నడమో తమిళమో. ఏడుపు మాత్రం తెలుగులోనే వస్తుంది. ఆ ఏడుపు మొదట వినేది తెలుగు సంఘమే. అక్కడ దొరికే జవాబు "ఇంకో మూడు రోజులు ఉపవాసముండు" అన్నదొక్కటే అయితే వాళ్లు ఇంకెక్కడికి పోవాలి?

యవ్వనస్తులారా, కూటాల కమిటీల్లో మీరున్నారు. ప్రసంగికుణ్ణి పిలిచే ముందే అడగండి: వేదిక మీద నుంచి మందులు మానమని చెప్తారా? చెప్తానంటే పిలవొద్దు. డాక్టర్ని అడగకుండా ఎవరూ మందు ఆపొద్దని కరపత్రం మీదే అచ్చు వేయించండి. దాని కింద టెలి మానస్ నంబరు 14416 వెయ్యండి. పగలూ రాత్రీ ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు.