టేకు చేప, బట్టమేక పిట్ట

టేకు చేపది ఉప్పునీళ్ల బతుకు. నల్లగొండ, పాలమూరు జనానికి అది దూరపు ముచ్చటే. బట్టమేక పిట్ట మాత్రం మనకు పొరుగుదే. కృష్ణ దాటి కర్నూలు వైపు పోతే రోళ్లపాడు గడ్డి బీళ్లలో తిరిగేది. దానికోసమే 1988లో అక్కడ అభయారణ్యం పెట్టారు. ఈ రెంటికీ పోలికేంటంటారా? ఉంది.

రెండూ నేలను నమ్ముకున్నవే. టేకు చేప ఇసుక కప్పుకుని పడుకుంటే కళ్లు మాత్రమే బయటికి కనిపిస్తాయి. బట్టమేక గూడు కట్టదు, వట్టి నేల మీదే గుడ్డు పెడుతుంది, అదీ సాధారణంగా ఒక్కటే. టేకు చేప కూడా మిగతా చేపల్లా వేల గుడ్లు చల్లదు. కడుపులో పెంచి కొద్ది పిల్లల్నే కంటుంది. ఇట్లాంటి జీవాలు ఒకసారి తగ్గితే మళ్లీ పెరగడం చాలా కష్టం.

అసలు తేడా కరెంటు దగ్గరుంది. టేకు చేపకి కళ్లు పైన, నోరు కింద. తినేదేదో తనకే కనబడదు! అయినా ఇసుకలో దాగిన పీత ఒంట్లోంచి వచ్చే అతి సన్నని విద్యుత్తును మూతి చుట్టూ ఉన్న సన్నని రంధ్రాలతో పసిగడుతుంది. బట్టమేకకి కళ్లు పక్కలకుంటాయి, ఎదురుగా చూపు సరిగా ఆనదు. మగది 15 కిలోల దాకా తూగుతుంది. అంత బరువుతో ఎగురుతూ, తీగ కనబడ్డాక పక్కకు తప్పుకోలేదు. రాజస్థాన్, గుజరాత్‌లలో అట్లా చస్తున్నాయనే 2021లో సుప్రీంకోర్టు తీగలు భూమిలో వేయమంది. 2024లో ఆ ఆదేశాన్ని సడలించి, నిపుణుల కమిటీకి అప్పగించింది. దేశంలో మిగిలినవి 150 లోపే అంటారు.

రోళ్లపాడు కథ వేరు. నీళ్లొచ్చాయి, చుట్టూ బీళ్లు సాగయ్యాయి. కృష్ణజింకలు పెరిగి చేలమీద పడ్డాయి, రైతుకు అభయారణ్యమంటేనే ఒళ్లు మండింది. రైతును నేను తప్పుపట్టను. నీళ్ల విలువ పాలమూరోళ్లకు ఎవరు చెప్పాలి? గడ్డి బీడును పనికిరాని భూమి కింద రాసిపడేసిన కాగితాలదే ఎక్కువ తప్పని నా లెక్క.

మొన్న జడ్చర్ల అవతల ఓ చెల్కలో దిగితే, తీతువు పిట్ట ఒకటి నెత్తిమీద తిరుగుతూ ఒకటే గోల. వంగి చూస్తే గులకరాళ్ల మధ్య నాలుగు గుడ్లు. రాయేదో గుడ్డేదో తెలీలేదు కాసేపు. నాలుగడుగుల అవతల ప్లాట్ల హద్దురాళ్లు పాతి ఉన్నాయి.