ఏటి పటం ఊరి చేతికి రావాలి

ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుక తప్ప మరేమీ కనిపించని పెన్నా ఉపనది చెయ్యేరు, 2021 నవంబరు 19న అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్టను తెంచుకుని పులపత్తూరు, మందపల్లి, తొగురుపేటల మీద పడింది. పదుల మందిని పొట్టన పెట్టుకుంది. మరుసటి ఏడాది అక్టోబరులో, కరవుకు మారుపేరైన అనంతపురంలోనే నడిమి వంక పొంగి కాలనీలు మునిగాయి. పెన్నా పరీవాహకంలో కరవూ వరదా ఇక వేర్వేరు కష్టాలు కావు. భూమి వేడెక్కేకొద్దీ నెలల తరబడి మొహం చాటేసిన వాన ఒక్క రాత్రిలో కుమ్మరించడం పెరుగుతుందని శాస్త్రవేత్తలు హెచ్చరిస్తూనే ఉన్నారు.

నీరు ఎటు పారుతుందో, ఎక్కడ ఇంకుతుందో చూపే పటాలు గీయగల సత్తా మనకు లేక కాదు. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఉపగ్రహ చిత్రాలను ‘భువన్’ ద్వారా 2009 నుంచి అందిస్తోంది. కేంద్ర భూగర్భ జల మండలి 2012లో భూగర్భ జలాల మ్యాపింగ్ చేపట్టింది. అయినా రాయలసీమ రైతు ఇవాళ్టికీ కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని బోరు పాయింటు చూసేవాడి వెనకే నడుస్తున్నాడు. ఇక్కడి గట్టి రాతిలో నీరుండేది పగుళ్లలోనే. ఆ పగులు తప్పితే బోరు ఎంత లోతుకు దించినా దుమ్మే లేస్తుంది, అప్పు మిగులుతుంది. ఆ పగుళ్ల జాడలు ఉపగ్రహ చిత్రాల్లో గీతలుగా కనిపిస్తాయి. నేల మీద సర్వేతో సరిచూసి అక్కడ చెక్‌డ్యాం కడితే నీరు ఇంకుతుంది. కాంట్రాక్టరుకు వీలైన చోట కడితే పూడిక నిండుతుంది.

ఏటి ఇసుకా నీటి నిల్వే. మడకశిర, హిందూపురం ప్రాంతాల్లో ఏటి ఊటను తలపరిగెలనే కాలువలుగా తవ్వి పొలాలకు పారించుకున్న తరాలకు ఈ సంగతి తెలుసు. అలాంటి ఇసుక ఎంత లోతుందో కొలవకుండానే తవ్వకాలకు రీచ్‌లు అప్పగించడం తాగునీటి బావులను ఎండబెట్టడమే.

ప్రతి గ్రామ సచివాలయంలో సర్వే నంబర్లతో, తెలుగులో ఆ ఊరి నీటి పటం ఉండి తీరాలి. అందులో వంకగా, వరద దారిగా ఉన్న చోట లేఅవుట్‌కు అనుమతి ఇవ్వకూడదు. పటం బయటపెడితే స్థలాల ధరలు పడిపోతాయని గోల చేసేవారు తప్పక ఉంటారు. వంక అని తెలియక జీవితకాలపు కూడబెట్టుతో అక్కడ స్థలం కొన్న కుటుంబాల మొహం చూసి ఆ మాట అనగలరా? పోరుమామిళ్ల చెరువు కట్టించినవారు 1369లోనే మంచి చెరువుకు ఉండాల్సిన లక్షణాలను, ఉండకూడని దోషాలను శాసనంగా చెక్కించారు. అలాంటిది, జనం సొమ్ముతో గీసిన పటాన్ని మనం సర్వర్లకే పరిమితం చేయడం అన్యాయం.

అయితే పై నుంచి తీసిన చిత్రం బావిలో మట్టం చెప్పదు. రైతులే భూగర్భ జలాలను నిర్వహించుకునే ‘ఏపీఫామ్స్’ ప్రాజెక్టులో కరవు జిల్లాల రైతులు వాననూ బావి మట్టాలనూ తామే కొలిచి, రబీకి ముందు నీటి లెక్క వేసి పంట నిర్ణయించుకున్నారు. ఆ పనిని ప్రాజెక్టుల గడువులకు వదిలేయకుండా ప్రభుత్వ బాధ్యతగా మార్చాలి, కొలిచే రైతులకు వేతనమివ్వాలి.

పెన్నా, చిత్రావతి, పాపఘ్ని పుట్టేది కర్ణాటకలో. ఎగువ చెరువు కట్ట ఏ స్థితిలో ఉందో తెలియకుండా దిగువన గీసే వరద పటం సగమే. వచ్చే వానాకాలానికి ముందే రెండు రాష్ట్రాలూ కూర్చుని ఉమ్మడి పటానికి ఒప్పందం చేసుకోవాలి.